ఎర్రపోగు తీసిన చెయ్యి

"ఎవరు చంపిండ్రని నిన్ను అడుగుతలేను సోమక్కా. మొన్న బుధవారం పగటీలి రెండు నుంచి నాలుగు దాకా నువ్వు ఏడున్నవ్? గదొక్కటి చెప్పు చాలు."

కటకటాల అవతల గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. డిటెక్టివ్ రాయమల్లు చేతి గడియారం చూసుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. ఐదింటికి ఈమెను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్నుంచి నేరుగా జైలు. ఇంట్లో ఎనిమిదేళ్ల కూతురు పద్మ పదిహేను రోజులుగా జ్వరంతో పడి ఉంది. మొగుడు పోయి మూడేళ్లయింది. ఆ పిల్లకు గుక్కెడు గంజి పొయ్యడానికి కళ్లు కనపడని నాయనమ్మ యాకమ్మ తప్ప వేరే దిక్కు లేదు.

చచ్చిపోయినవాడు వెంకట్రాజం. కులపురాణాలను గుడ్డ మీద బొమ్మలుగా చూపే నకాషి పటాలు రాసే డెబ్బై ఏళ్ల ముసలాయన. జంపఖానాలు నేసేవాళ్లూ పటాలు రాసేవాళ్లూ కలిసి కొత్తవాడలో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. ఒకే షెడ్డు. ఒక పక్క మొగ్గాలు, ఇంకో పక్క రంగుల చిప్పలు. నేతవాళ్లకు బొమ్మ గీయడం, బొమ్మలవాళ్లకు పోగు పట్టడం నేర్పుకోవాలని వాళ్ల ముచ్చట. ఆ షెడ్డులోనే, సోమక్క మొగ్గానికి ఆరడుగుల దూరంలో, ముసలాయన తల పగిలి పడి ఉన్నాడు. తగిలింది సోమక్క పంజా దెబ్బ. పంజా అంటే నేసిన వరుసను దగ్గరికి కొట్టే ఇనుప పళ్ల పనిముట్టు. చిన్నదే గానీ బరువు బాగా ఉంటుంది.

"రెండుంబావుకు లేసి ఇంటికి పోయిన సారూ," అంది సోమక్క చివరికి. "పిల్లకు మందు పొయ్యాలె. ఎనుక తలుపు నుంచి పోయిన. అప్పటికి తాత మంచిగనే ఉన్నడు. పటానికి సుద్ద పూస్తాండు. 'బిడ్డ ఎట్లున్నదే' అని గూడ అడిగిండు."

"నువ్వు పోయింది చూసినోళ్లున్నరా?"

"ఇంట్ల మా అత్త ఉన్నది. ఆమెకు కండ్లు కనపడయి."

"మరి ఎదురుంగ చాయ హోటల్ చిలుకమ్మ, రెండున్నర నుంచి మూడూ నలభై దాకా మొగ్గం చప్పుడు ఆగలేదంటాంది. ఆ షెడ్డుల ఆ దినం నేసేది నువ్వొక్కదానివే."

"గదే నాకు సమజ్ అయితలేదు." ఒక్కసారి లేచి కటకటాల దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "సారూ, మీ కాళ్లు మొక్కుత. నా మొగ్గం మీద ఎర్రపోగు ఉన్నదా లేదా, జర పోయి చూసి చెప్పున్రి."

రాయమల్లుకు చిర్రెత్తుకొచ్చింది. మెడకు ఉరి బిగుసుకుంటుంటే ఈమెకు పోగు కావాలట! "ఏం పోగు?" అన్నాడు విసుగ్గా.

"మా అత్తగారింట్ల అలవాటు సారూ. పిల్లకు జరం తగ్గకపోతే, నేస్తున్నదాంట్ల ఒక్క పోగు తప్పుగ విడుస్తం. తెల్ల అంచుల ఎర్రది. దిష్టి ఏదున్నా దానికే తగుల్తది. పిల్ల లేసి తిరిగినంక మా చేతితోని మేమే తీసుకుంటం. అప్పటిదాక ఎవరూ ముట్టొద్దు. బుధవారం లేసేటప్పుడు విడిచిన, ఆఖరి వరుస. మా అత్తకు తప్ప ఎవరికీ చెప్పలే. అది పోతే నా పిల్ల..."

రాయమల్లు విసుగు ఎక్కడికి పోయిందో పోయింది. లేచే ముందు విడిచిందంటే ఆమె నేత ఎక్కడ ఆగిందో ఆ పోగే గుర్తు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, 'ఆఖరి వరుస, ఎర్ర' అని రాసుకున్నాడు.

అప్పుడే వరండాలో చెప్పుల చప్పుడు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని సారంగపాణి వచ్చాడు. సంఘం అధ్యక్షుడు, తానూ పేరున్న నేతగాడే. యాభై దాటినా నిటారుగా ఉంటాడు. తెల్లని ధోవతి, నున్నగా దువ్విన జుట్టు. రాయమల్లును ఈ కేసుకు పెట్టుకున్నది ఈయనే.

"తినవే సోమక్కా, వదినె పప్పు చేసి పంపింది. పిల్లకు ఫికర్ చెయ్యకు, డాక్టరును తీస్కపోయి చూపెట్టిన," అన్నాడు ఆప్యాయంగా. ఆమె "పెద్దన్నా" అని బావురుమంది.

సారంగపాణి రాయమల్లును పక్కకు తీసుకుపోయాడు. "ఏమన్న దారి దొరికిందా పటేలా? నేను వకీలు దగ్గరికి పోతాన. ఆ ముసలాయన నాకు తండ్రి అసొంటోడు. ఈమె నాకు చెల్లె. రెండు దిక్కులా నాకే మంట." మాట్లాడుతూనే, రాయమల్లు చొక్కా గుండీ దగ్గర వేలాడుతున్న దారప్పోగును తెంపి, చూపుడువేలికి చుట్టి, జేబులో వేసుకున్నాడు. రాయమల్లుకు ఆ క్షణంలో అది పట్టించుకోవాల్సిన సంగతి అనిపించలేదు.

*

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజేశ్వర్ రావు మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. పళ్లెం కింద పోస్టుమార్టం రిపోర్టు ఉంది. కాగితం మీద నూనె మరకలు పాకుతున్నాయి.

ఒకప్పుడు అతనూ రాయమల్లూ ఒకే ఠాణాలో పనిచేశారు. ఏడేళ్ల కిందట ఖాళీ కాగితం మీద ఒక నిందితుడి వేలిముద్ర తీయమని పైనుంచి మాట వస్తే, రాయమల్లు ఉద్యోగానికి దండం పెట్టి బయటికొచ్చి హనుమకొండ చౌరస్తాలో బోర్డు పెట్టుకున్నాడు. ముద్ర తీసినవాడు ఇన్‌స్పెక్టరయ్యాడు.

"ఏమయ్యా ప్రైవేటు దొరా, అయిందా నీ ముచ్చట? కూసో, బజ్జీ తింటవా?"

"ఆ కాగితం ఒకసారి ఇయ్యున్రి."

రాజేశ్వర్ రావు పళ్లెం ఎత్తి కాగితం విసిరాడు. రాయమల్లు నూనె అంటని అంచు వెతికి పట్టుకుని చదివాడు. దెబ్బ రెండున్నర ప్రాంతంలో. ప్రాణం పోయింది మూడున్నర దాటాక. మధ్యలో గంటకు పైగా బతికే ఉన్నాడు.

"గట్టి ముసలోడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నోటినిండా బజ్జీతో. "గంటసేపు మూల్గినట్టున్నడు. దవాఖానకు తీస్కపోతే బతుకుతుండెనట. ఆ ఆడిది మాత్రం పక్కకే కూసొని చల్లగ నేసుకుంట ఉన్నది. దాని పంజాకే నెత్తురు. ఇంకేం కావాలె?"

రాయమల్లు కాగితం మడిచి బల్లమీద పెట్టాడు. శవాలు చూడని మనిషి కాదు. కానీ ఒక ముసలివాడు ఆరడుగుల దూరంలో నేలమీద దొర్లుతూ మూలుగుతుంటే, ఇంకో మనిషి కూర్చుని వరుస తర్వాత వరుస నేస్తూ ఉన్నాడన్న ఊహే అసహ్యంగా ఉంది. ఆ సంగతి చెబుతూ బజ్జీ నమిలేవాడు ఎదురుగా కూర్చోవడం ఇంకా అసహ్యంగా ఉంది.

"ఎందుకు నేసిందంటరు?"

"అంటే?"

"చంపినోళ్లు పారిపోతరు. కూసొని జంపఖానా ఎందుకు నేస్తరు రాజేశ్వర్ రావు గారూ?"

"అది దాన్నే అడుగు. ఐదు గంటలకు కోర్టుల నా పని నేను చేస్త."

"నాలుగు గంటలకు సోమక్కను షెడ్డుకు తీసుకరాన్రి. మొగ్గం కాడ అసలు మనిషిని చూపిస్త."

"చూపియ్యకపోతే?"

"చౌరస్తాల నా బోర్డు మీరే పీకేయున్రి."

ఇన్‌స్పెక్టర్ వేళ్లు తుడుచుకుని నవ్వాడు. ఆ బోర్డు ఏడేళ్లుగా అతని కంట్లో నలుసు. "నాలుగు గంటలకు. ఒక్క నిమిషం ఎక్కువియ్య," అన్నాడు.

*

చిలుకమ్మ హోటల్ అంటే షెడ్డు తలుపుకు ఎదురుగా ఒక కిరసనాయిలు స్టవ్వు, రెండు బెంచీలు.

"చప్పుడు ఆగితే చాయ. గదీ మా రివాజు," అంది చిలుకమ్మ. "పంజా ఆగిందంటే చేతులు నొచ్చి కూసున్నట్టు. నేను గిలాసలు పట్టుకొని లోపలికి పోత. పదేండ్ల సంది గట్లనే. కొత్తవాడ మొత్తానికి ఎరుకే."

"బుధవారం ఎప్పుడు ఆగింది?"

"రెండుంబావుకు ఆగింది. స్టవ్వుల నూనె అయిపోయి నేను పోసుకుంటాన. నేను స్టవ్వు ముట్టియ్యంగనే, రెండున్నరకు, మళ్ల మొదలైంది. ఇగ ఆగనే లేదు. మూడూ నలభైకి ఆగితే నీళ్లు పెట్టిన. చాయ మరిగేలోపట సారంగపాణి పెద్దన్న సైకిల్ మీద సందు మలుపు తిరిగి అచ్చిండు. తలుపు తోసి 'అయ్యో తాతా' అని మొత్తుకున్నడు."

"తలుపు ఎందుకు వేసి ఉంది?"

"పటానికి తడి సుద్ద పూసిననాడు దుమ్ము పడొద్దని తాతనే ఏసుకుంటడు."

"నడుమ మూలుగు ఏమన్న ఇనపడ్డదా?"

"పంజా దబదబ కొడ్తాంటే ఏం ఇనపడ్తది సారూ..." అంటూనే చిలుకమ్మ ఆగిపోయింది. చేతిలో గిలాస అలాగే ఉంది. తను వినలేదని కాదు, తనకు వినిపించకూడదనే ఎవరో కొట్టారని అప్పుడు తట్టింది ఆమెకు. "థూ, వాని చేతులు పడిపోను! నేను చాయ తీస్కపోతే తాత బతుకుతుండెనా సారూ?"

రాయమల్లు ఆమె చేతిలోని గిలాస తీసి బెంచీ మీద పెట్టాడు. నేత ఎందుకు ఆగలేదో ఇప్పుడు తేలిపోయింది. చప్పుడు ఆగితే చిలుకమ్మ లోపలికి వస్తుంది. ఆగకపోతే మూలుగు బయటికి రాదు. సంఘం రివాజు ఎరిగినవాడు, మొగ్గం మీద కూర్చోగలిగినవాడు, వెనుక తలుపు నుంచి వచ్చి పోయి చేసిన పని ఇది.

షెడ్డులో చింతగింజల అంబలి పులిసిన వాసన ముక్కు పగలగొడుతోంది. పటానికి పట్టించడానికి కాచిన అంబలి రెండు రోజులుగా కుండలోనే ఉండిపోయింది. నేలమీద మరకను ఎవరో ఊకతో కప్పారు. దాని పక్కనే వెంకట్రాజం కోడలు శకుంతల కూర్చుని మామ కుంచెలు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటోంది.

రాయమల్లు మొగ్గం మీదికి వంగాడు. జేబులోంచి భూతద్దం తీశాడు.

ఎర్రపోగు లేదు. తెల్లని అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిక్కచ్చిగా ఉంది. వేలు పెట్టి తడిమాడు. చివరి వరుసకు బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల మేర, కిందివరకు నేత ఒక రకం, అక్కణ్నుంచి ఇంకో రకం. పైది బిగువు ఎక్కువ, వరుసలు మరీ సన్నం. సోమక్క మంచి పనిమంతురాలే. కానీ ఆమె కంటే మంచి చెయ్యి ఆ బెత్తెడు బట్ట నేసింది. ఆ బెత్తెడులోనే, తెల్లదారం మీద, ఆవగింజల్లాంటి గోధుమరంగు చుక్కలు. నెత్తురంటిన పంజాను కనీసం తుడవకుండా కొట్టాడు. చుక్కలు కిందిభాగంలో ఒక్కటీ లేవు.

బిగువు తేడా ఇన్‌స్పెక్టరుకు చూపిస్తే, భయంతో గట్టిగా కొట్టిందంటాడు. ఎర్రపోగు కట్టుకథ అంటాడు. అసలు ఆ పోగు ఏమైంది? నేతవాడు దారం ముక్కను నేలమీద పారెయ్యడు, కాలికింద పడితే తప్పంటాడు. రాయమల్లు మొగ్గం చుట్టూ మోకాళ్ల మీద పాకాడు. కుడిపక్క గుంజలో ఒక పగులు ఉంది. అగ్గిపుల్లతో కెలికితే, ఉంగరంలా చుట్టిన ఎర్రదారం బయటపడింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. సోమక్క ఇంటివాళ్ల అలవాటు తెలియనివాడికి అది తప్పు పోగు, అంతే. పక్కన మనిషి చస్తున్నాడు. అయినా వంకర వరుస మీద ఇంకో వరుస వెయ్యడానికి వాడికి మనసొప్పలేదు. ముందు దాన్ని విప్పి, వేలికి చుట్టి, పగుల్లో పెట్టి, ఆ తర్వాత నేశాడు.

"అమ్మా శకుంతలా, మీ మామ మీద ఎవరికన్న పగ ఉన్నదా?"

ఆమె కుంచెలు పక్కన పెట్టింది. "పగ ఎవరికుంటది సారూ? మంగళవారం హైదరాబాదు నుంచి అచ్చిండు. అన్నం ముట్టలే. ఓ పెద్ద హోటల్ల గోడకు అద్దాల చట్రాలు ఏలాడ్తానయట. లోపల మా మామ వాళ్ల నాయిన రాసిన పటం ముక్కలు. దేవుని తలకాయ ఒక చట్రంల, మొండెం ఇంకో చట్రంల."

"ఏ పటం?"

"నేతోళ్ల కులపురాణం పటం. పాతవడ్డదని పోయినేడు మనిషికి చేసినట్టే కర్మ చేసి, ధర్మసాగర్ నీళ్లల్ల విడిచిండ్రు. సంఘం పెద్దలు నలుగురు తీస్కపోయిండ్రు. మూట నీళ్లల్ల పడుడు అందరం చూసినం. మూటల ఏమున్నదో ఎవరు చూసిండ్రు? నేను పేరు అడిగిన. మామ చెప్పలే. 'ముందుగాల వాన్ని అడగాలె. అడగకముందు పేరు చెప్తే పాపం తాకుతది' అన్నడు. బుధవారం పగటీలి రమ్మని కబురు చేసిండట."

కర్మకాండ జరిపిన దేవుణ్ని కత్తెరతో కోసి అమ్మినవాడు! వాడి పరువు నలుగురిలో పోగూడదని ఈ ముసలాయన పేరు దాచిపెట్టాడు. ఆ మర్యాదే అతని తల మీదికి తెచ్చింది. రాయమల్లు బయటికిపోయి ఉమ్మేసి, ముఖం కడుక్కుని వచ్చాడు. అయినా నోట్లో చేదు పోలేదు.

గడియారం రెండూ యాభై చూపిస్తోంది. నలుగురు పెద్దలకూ కబురు పంపాడు: సోమక్క మీద పంచనామాకు సాక్షి సంతకం కావాలి, నాలుగింటికి షెడ్డుకు రండి.

*

నాలుగు గంటలకు జీపు వచ్చింది. సోమక్క బేడీలు విప్పించి, మొగ్గం ముందు కూర్చోబెట్టాడు రాయమల్లు. "బుధవారం ఎట్ల విడిచినవో గట్లనే విడువు," అన్నాడు. ఆమె ఒక వరుస నేసింది. అంచులో ఎర్రపోగు వేసి, సగంలోనే మలిపి, చేతులు జోడించి లేచింది. రాయమల్లు పంచనామా కాగితాన్ని ఒక పలక మీద పెట్టి, మొగ్గం పక్కనే, ఆ అంచుకు మూరెడు దూరంలో ఉంచాడు.

మొదటి పెద్దమనిషి వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని సంతకం పెట్టి పోయాడు. మొగ్గం వైపు చూడనే లేదు.

రెండోవాడు చూశాడు. "అరే, తప్పు పోయింది చూసుకో," అని నాలుక చప్పరించి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. చెయ్యి పెట్టలేదు.

మూడోవాడికి సోమక్కను తిట్టడంతోనే సరిపోయింది.

"బాగున్నది నీ ఆట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాలుగుంబావు అయింది. చౌరస్తాకు కూలోన్ని పంపియ్యాల్నా, నువ్వే పీకుతవా బోర్డు?"

"ఇంకొకాయన ఉన్నడు."

"ఎవరు? నీకు ఫీజు ఇచ్చే సారంగపాణా?" ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. రాయమల్లు నవ్వలేదు. మధ్యాహ్నం చొక్కా గుండీ దగ్గర తెగిన దారం, చూపుడువేలికి చుట్టుకున్న తీరు, గంట నుంచీ అతని కళ్లముందే తిరుగుతోంది.

సారంగపాణి రొప్పుతూ లోపలికి వచ్చాడు. చంకలో వకీలు కాగితాలు. "ఏం సంతకం పటేలా? నా చెల్లె మీద నేను సాక్షి సంతకం పెడ్తనా? జైలుకు పోనియ్య. నా ఇల్లు తాకట్టు పెట్టన్న ఇడిపించుకుంట." సోమక్క వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు. నిజమైన నీళ్లే. "ఏడువకే. నేనున్న కదా."

"కూసోన్రి పెద్దన్నా. నిలవడి ఎంతసేపు మాట్లాడుతరు?" అన్నాడు రాయమల్లు.

కూర్చోవడానికి అక్కడ మొగ్గం ముందు నేసేవాళ్లు కూర్చునే పలక ఒక్కటే ఉంది. సారంగపాణి దానిమీద కూర్చున్నాడు. "నువ్వే చెప్పు పటేలా, వెంకట్రాజం తాతకు ఈమె అంటే పానం. బిడ్డా, బిడ్డా అని పిలుసుకునేటోడు. అసొంటి మనిషిని ఈమె ఎట్ల..."

మాట ఆగలేదు. చూపు రాయమల్లు ముఖం మీదే ఉంది. ఎడమచెయ్యి మాత్రం తనంతట తాను కదిలింది. బొటనవేలు అంచును తడిమింది, ఎర్రపోగు దగ్గర ఆగింది, గోటితో లేపింది, మెల్లగా, ఏ పోగూ తెగకుండా బయటికి లాగింది. "ఎట్ల చంపుతది చెప్పు. కొంచెం ఆలోచన చెయ్యి పటేలా," అంటూనే దారాన్ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టాడు. ఉంగరంలా జారిన ఆ చుట్టను పట్టుకుని, చెయ్యి కుడిపక్క గుంజ మీది పగులును వెతుక్కుంటూ పోయింది.



"పెద్దన్నా," అంది సోమక్క. "దాన్ని తియ్యకు. నా పిల్లకు ఇంకా జరం తగ్గలే."

సారంగపాణి అప్పుడు తన చెయ్యి చూసుకున్నాడు. రాయమల్లు ముందుకు వచ్చి, అరచెయ్యి చాపాడు. అందులో ఇంకో ఎర్ర ఉంగరం ఉంది. "ఇది బుధవారంది. అదే పగుల్ల దొరికింది."

ఇన్‌స్పెక్టర్ రెండు దారాలనూ మార్చి మార్చి చూశాడు. నోట్లో నవ్వు అలాగే ఎండిపోయింది. వకీలు కాగితాలు సారంగపాణి చంకలోంచి జారి ఊక మీద పడ్డాయి. శకుంతల లేచి నిలబడింది.

"దేవుని పటం కోసి అమ్మినవ్. అడిగితే ముసలాయన తల పగలగొట్టినవ్," అన్నాడు రాయమల్లు. "ఈమె కూసున్న తావుల కూసొని నేసినవ్. మళ్ల ఈమె కోసం నన్ను పెట్టుకున్నవ్, నలుగురు మెచ్చుకోవాల్నని. నాకు ఒక్కటే చెప్పు సారంగపాణీ. నువ్వు నేస్తాంటే ఆయన ఎంతసేపు బతికిండు?"

సారంగపాణి మొగ్గం మీది బట్ట వైపు తిరిగాడు. నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి, గోధుమరంగు చుక్కలున్న చోట ఆనించి కొలిచాడు.

"బెత్తెడు," అన్నాడు.